సర్‌ప్లస్ మకరోవ్ కొన్నారా? ముందు ఫైరింగ్ పిన్ చూడండి

అమెరికాలోని మనవాళ్ళకి సర్‌ప్లస్‌లో (సైన్యాలు వదిలించుకున్న పాత సరుకులో) దొరికే మకరోవ్ పిస్టళ్ళలో బల్గేరియావి చాలానే ఉంటాయి, కజన్‌లాక్‌లోని ఆర్సెనల్ ఫ్యాక్టరీలో తయారైనవి. గోదాములో తుప్పు పట్టకుండా వీటికి కాస్మోలిన్ అనే చిక్కటి గ్రీజు దట్టిస్తారు. ఏళ్ళు గడిచేకొద్దీ అది గట్టిపడి గోధుమరంగు మైనంలా తయారవుతుంది. పైపైన తుడిచేసి రేంజికి పట్టుకెళ్ళడం చాలా ప్రమాదం.

ఎందుకంటే మకరోవ్ ఫైరింగ్ పిన్‌కి, అంటే రౌండ్ (తూటా) అడుగున కొట్టి పేల్చే పుల్లకి, స్ప్రింగ్ ఉండదు. స్లైడ్ (పిస్టల్ పైన ముందుకీ వెనక్కీ కదిలే భాగం) లోపలి రంధ్రంలో వదులుగా ముందుకీ వెనక్కీ జారుతుంటుంది. అక్కడ కాస్మోలిన్ పేరుకుంటే ప్రైమర్ (రౌండ్ అడుగున దెబ్బకి అంటుకునే మందు) మీద దెబ్బ చాలక రౌండ్ పేలకపోవచ్చు. అంతకంటే ఘోరం, పిన్ మొన బయటికి వచ్చి అలాగే అతుక్కుపోవడం. అప్పుడు స్లైడ్ మూసుకోగానే, ట్రిగ్గర్ ముట్టుకోకుండానే రౌండ్ పేలొచ్చు.

మ్యాగజైన్ తీసి, సేఫ్టీ కిందికి దించి, స్లైడ్ వెనక్కి లాగి ఛాంబర్ (బ్యారెల్ వెనక రౌండ్ కూర్చునే చోటు) ఖాళీగా ఉందో లేదో కంటితో చూసి, వేలితో తడిమి నిర్ధారించుకోండి. సేఫ్టీ పైకి ఉంటే స్లైడ్ కదలదు, బలవంతం చేయకండి. తర్వాత ట్రిగ్గర్ గార్డ్‌ని కిందికి లాగి కాస్త పక్కకి ఆనించండి. స్లైడ్‌ని పూర్తిగా వెనక్కి లాగి, వెనక కొస పైకెత్తి, మెల్లగా ముందుకి వదిలితే ఊడొస్తుంది. స్లైడ్ విడిగా ఉన్నప్పుడు సేఫ్టీని పైకి, మామూలు హద్దు దాటేదాకా తిప్పి పక్కకి లాగాలి. ఫైరింగ్ పిన్ వెనకనుంచి జారి పడుతుంది.

గ్రిప్‌కి వెనక ఒకటే స్క్రూ. దాన్ని విప్పితే హ్యామర్‌ని నడిపే పట్టీ స్ప్రింగ్ కనిపిస్తుంది, దాని చుట్టూ కూడా కాస్మోలిన్ ముద్దలుంటాయి. ఇనుప భాగాలని మినరల్ స్పిరిట్స్‌లో నానబెట్టి నైలాన్ బ్రష్‌తో రుద్దండి. చేతులకి గ్లౌజులు వేసుకోండి, కిటికీలు తెరవండి, దగ్గర్లో మంట ఉండకూడదు. మరిగే నీళ్ళు కూడా పనిచేస్తాయి, కాని వెంటనే ఆరబెట్టి నూనె రాయకపోతే నిమిషాల్లో తుప్పు మొదలవుతుంది. గ్రిప్‌కి సబ్బు నీళ్ళు చాలు. మ్యాగజైన్ అడుగు పలక తీసేటప్పుడు స్ప్రింగ్ మీద బొటనవేలు పెట్టుంచండి, లేకపోతే ఎగిరిపోతుంది.

ఫైరింగ్ పిన్ దారిలోకి చెవి పుల్లలు దూర్చి, మరక రానంతవరకూ తుడవండి. అందులో నూనె వేయొద్దు, మళ్ళీ మురికి పట్టేది దానివల్లే. బిగించాక స్లైడ్‌ని చెవి దగ్గర పెట్టి ఊపితే పిన్ టకటకమని ఆడాలి. ఆ చప్పుడు వినిపించకపోతే పని పూర్తి కానట్టే. రీకాయిల్ స్ప్రింగ్ ఎక్కించేటప్పుడు చివరి చుట్టు బిగుతుగా ఉన్న కొసని ముందు బ్యారెల్‌కి తొడగండి.

ఇది 9×18 మి.మీ. రౌండ్లు వాడే పిస్టల్. బుల్లెట్ వ్యాసం 9.27 మి.మీ., మామూలు 9×19 దీనికి పనికిరాదు. పాత సర్‌ప్లస్ రౌండ్ల ప్రైమర్లు బ్యారెల్లో ఉప్పు మిగల్చొచ్చు. అది నూనెకి కరగదు, ముందు నీళ్ళతో కడిగి తర్వాతే నూనె పెట్టాలి.

చేతికి అలవాటు కావడానికి ఖాళీ పిస్టల్‌తో, స్నాప్ క్యాప్ (మందు లేని డమ్మీ రౌండ్) పెట్టి సాధన చేయండి. హ్యామర్ దిగి ఉంటే నొక్కు బరువుగా, వెనక్కి లాగి ఉంటే తేలిగ్గా ఉంటుంది. ఈ తేడా వేలికి తెలియాలి. బెరెట్టా 92 అలవాటున్నవాళ్ళు మరీ జాగ్రత్త, దాని సేఫ్టీ పనిచేసే దిశ దీనికి సరిగ్గా తలకిందులు. పట్టు మరీ పైకి పోతే స్లైడ్ బొటనవేలి మూలని గీరేస్తుంది.

రేంజిలో ముందు ఒక్క రౌండే పెట్టి కాల్చండి, తర్వాత రెండు. ఒక నొక్కుకి రెండూ పేలితే అక్కడితో ఆపేసి గన్‌స్మిత్‌కి చూపించండి. అన్నీ సరిగ్గా ఉంటేనే మ్యాగజైన్‌లో 8 నింపండి.