పడే చుక్క, పడని చుక్క

శ్రావణమాసం, ముసురు పట్టిన శనివారం. మా అక్క కూతుర్ని వెంటబెట్టుకుని నల్లగొండలో బస్సెక్కాను. దానికి ఎనిమిదేళ్లు. నక్షత్రశాల చూపిస్తానని వేసవి సెలవుల్లో మాటిచ్చి, ఇన్నాళ్లూ వాయిదా వేస్తూ వచ్చాను. చౌటుప్పల్ దాటేసరికి వాన అందుకుంది. కిటికీ సందులోంచి మోచేతి మీద పడ్డ చినుకును చూసుకుని అడిగింది.

"మామయ్యా, వాన చుక్క కింద పడుతుంది కదా. మరి ఆకాశంలో చుక్క ఎందుకు పడదు?"

ఈ అనుమానం మన భాష పెట్టిందే. నీటి బొట్టును చుక్క అంటాం, నక్షత్రాన్నీ చుక్కే అంటాం. పొద్దున్నే వాళ్లమ్మ వాకిట్లో ముగ్గుకు పెట్టేవీ చుక్కలే. రెండూ పైనే ఉండి, పేరు కూడా ఒకటే అయినప్పుడు ఒకటి పడి ఇంకోటి పడకపోతే పిల్ల అడగదా? "పెద్దయ్యాక తెలుస్తుందిలే" అని దాటేయడం నాకు చేతకాదు. చిన్నప్పుడు నాకు ఆ జవాబు వినీ వినీ విసుగొచ్చింది.

ఎల్బీనగర్ దగ్గర ట్రాఫిక్‌లో గంట ఇరుక్కుపోయాం. షో టైమ్ దాటిపోతుందేమోనని నాకు ఒకటే టెన్షన్. ఇమ్లీబన్ బస్టాండులో దిగి, ఎర్రగా పారుతున్న మూసీని ఒక్క నిమిషం చూపించాను. 1908 సెప్టెంబర్ 28న ఈ నదే ఊళ్లోకి వచ్చింది. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఇప్పటికీ ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. "అంతా చుక్కలేనా?" అంది. అంతా చుక్కలే.

అసలు పాఠం మెట్రోలో దొరికింది. అద్దం మీద సన్నని తుంపర అతుక్కుని ఉంది. ఆవగింజంతటి చుక్కలు ఎక్కడివక్కడే ఆగిపోయాయి. రైలు కదిలేసరికి ఒకటి వణికి పక్కదాన్ని అంటుకుంది. రెండూ కలిసి మూడోదాన్ని మింగాయి. బరువెక్కిన ఆ చుక్క ఒక్కసారిగా జర్రున జారి, దారిలో ఉన్నవాటిని కూడా లాక్కుపోయింది. పిల్ల వేలితో ఆ గీత వెంటే పోతోంది.

మబ్బులోనూ జరిగేది దాదాపు ఇదే. ఆవిరి కంటికి కనపడని దుమ్ము రేణువును పట్టుకుని నీరవుతుంది. అప్పుడు ఆ తుంపర మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుంది. అంత చిన్నది కాబట్టి, కింద నుంచి లేచే గాలి దాన్ని పడనివ్వదు. అలాంటివి పది లక్షల వరకు కలిస్తేనే ఒక వాన చుక్క. అప్పుడిక గాలి మోయలేదు, భూమి లాగేసుకుంటుంది. పడేటప్పుడు కూడా గాలి అడ్డుపడుతూనే ఉంటుంది కాబట్టి, ఎంత పెద్ద చుక్కయినా గంటకు 30 కిలోమీటర్ల చుట్టుపక్కలే ఉంటుంది. ఆ గాలే లేకపోతే రెండు కిలోమీటర్ల పైనుంచి పడే చుక్క గంటకు 700 కిలోమీటర్ల వేగంతో నెత్తిన తగిలేది. గాలి మనకు చేస్తున్న ఈ మేలు తలచుకున్నప్పుడల్లా నాకు ఆశ్చర్యమే.

అసెంబ్లీ స్టేషన్‌లో దిగి, తడుస్తూనే నౌబత్ పహాడ్ ఎక్కాం. బిర్లా నక్షత్రశాల 1985 నుంచి అక్కడ ఉంది, పాలరాతి గుడి పక్కనే. మొదటి షో పోయింది, రెండోదానికి టికెట్లు దొరికాయి. దీపాలన్నీ ఆరి, గుమ్మటం నిండా చుక్కలు విచ్చుకోగానే నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. "పడతాయా?" అంది గుసగుసగా.

బయటికొచ్చి, వాన తగ్గేదాకా చూరు కింద నిలబడి చెప్పాను. భూమి లాగుడు దగ్గర బలం, దూరం పోయేకొద్దీ తగ్గిపోతుంది. వాన చుక్క రెండు మూడు కిలోమీటర్ల పైన ఉంటుంది. సూర్యుడి తర్వాత మనకు అన్నిటికంటే దగ్గరి చుక్క 40 లక్షల కోట్ల కిలోమీటర్ల అవతల. పైగా చుక్క అంటే చిన్నది కాదు. మన సూర్యుడూ ఒక చుక్కే, బరువు భూమికి 3 లక్షల 30 వేల రెట్లు. పడితే మనమే దాని మీద పడాలి. నిజానికి పడుతూనే ఉన్నాం. ఒక్క సెకనులో భూమి సూర్యుడి వైపు 3 మిల్లీమీటర్లు పడుతుంది, అదే సెకనులో 30 కిలోమీటర్లు పక్కకు దూసుకుపోతుంది. అందుకే ఎంత పడినా తగలకుండా చుట్టూ తిరుగుతోంది. సూర్యుడూ అంతే. తక్కిన చుక్కలతో పాటు పాలపుంత నడిమిభాగం చుట్టూ పడుతూ తిరుగుతున్నాడు. ఒక చుట్టుకు 20 కోట్ల ఏళ్లకు పైనే పడుతుంది.

"మరి అమ్మమ్మ చుక్క తెగిపడింది అంటుంది?" అది చుక్క కాదు. ఎక్కడో తిరుగుతున్న ఇసుకరేణువంతటి రాయి మన గాలిలోకి దూరి, సుమారు వంద కిలోమీటర్ల ఎత్తులోనే మండిపోతుంది.

సాయంత్రం బేగంపేట వెళ్లి, నిజామియా అబ్జర్వేటరీ గుమ్మటాన్ని బయటి నుంచే చూపించాను. నవాబ్ జఫర్ జంగ్ 1901లో మొదలుపెట్టింది. ఆకాశం మొత్తాన్నీ పటం గీయాలని ప్రపంచంలోని అబ్జర్వేటరీలు వాటాలు పంచుకున్నప్పుడు, హైదరాబాద్ తన వాటాగా 4 లక్షల 60 వేలకు పైగా నక్షత్రాల చోట్లు కొలిచి రాసింది. ఆకాశాన్ని ఫోటో తీసిన గాజు పలకల మీద ఒక్కో చుక్కనూ కొలిచిన ఆ మనుషుల ఓపికకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది. చుక్కలు కదులుతాయా లేదా అన్నది తేలేది అలాంటి కొలతలతోనే. ఏళ్ల తర్వాత మళ్లీ కొలిచి, పాతవాటి పక్కన పెట్టి చూస్తారు. కదులుతాయి. మరీ దూరం కాబట్టి మన కంటికి ఆనవు.

రాత్రి పదకొండింటికి ఇల్లు చేరాం. వాన వెలిసి, మబ్బు విడిపోయింది. పిల్ల అన్నం తిని డాబా మీదికి లాక్కెళ్లింది. పక్కింటి రేకుల మీద చూరు నీళ్లు టప్ టప్‌మని పడుతున్నాయి.

"ఇప్పుడు కూడా ఆ చుక్కలు పడుతున్నాయా మామయ్యా?"

"పడుతున్నాయి."

కాసేపు చెవి రిక్కించి వింది.

"మరి చప్పుడు లేదేం?"

"తగలడానికి వాటికి రేకుల్లేవు."