గేర్‌బాక్స్ పట్టేస్తోందా? మోటారు బిగించే ముందు చూసుకోవాల్సినవి

ఆర్‌సీ (రిమోట్ కంట్రోల్) కారు కిట్ మొదటిసారి కడుతున్నవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది గేర్‌బాక్స్ దగ్గరే. ఇక్కడ ఉదాహరణగా జపాన్ కంపెనీ టమియా వాళ్ళ టీటీ-02 తీసుకుంటున్నాను. 2013లో వచ్చిన 1/10 స్కేల్ చాసిస్ (కారు అడుగు చట్రం) ఇది. నాలుగు చక్రాలకూ షాఫ్ట్ (పొడవాటి కడ్డీ) ద్వారా శక్తి వెళుతుంది, ముందొక డిఫరెన్షియల్, వెనకొక డిఫరెన్షియల్. మలుపులో కుడి, ఎడమ చక్రాలు వేరువేరు వేగాలతో తిరగనిచ్చే గేర్ల డబ్బానే డిఫరెన్షియల్ అంటారు. షాఫ్ట్‌తో నడిచే ఏ కారుకైనా ఈ తిప్పలు దాదాపు ఇవే.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట ముందే చెప్పేస్తాను. మోటారు పెట్టకుండా గేర్‌బాక్స్ చేత్తో తేలిగ్గా తిరగాలి. తిరక్కపోతే అక్కడే ఆగండి. టీటీ-02లో పిన్యన్‌కు (మోటారు మీది చిన్న గేరు) 22 పళ్ళు, అది తిప్పే పెద్ద స్పర్ గేరుకు 70 పళ్ళు, ఆ తర్వాత గేర్‌బాక్స్ లోపలి గేర్ల నిష్పత్తి 2.6. 70ని 22తో భాగించి 2.6తో గుణిస్తే 8.27. అంటే చక్రం ఒక్క చుట్టు తిరిగేసరికి మోటారు ఎనిమిది చుట్లకు పైగా తిరుగుతుంది. ఈ కార్లలో వాడే 540 సైజు మోటారులో అయస్కాంతాల పట్టు ఉంటుంది కాబట్టి దాన్ని తిప్పుతుంటే చేతికి గతుకులు గతుకులుగా తగులుతుంది. ఆ గతుకుల్లో గేర్‌బాక్స్ అసలు బిగుతు కలిసిపోయి ఏది ఎక్కడిదో తెలియదు. మోటారు తీసేసి చూడమనేది ఇందుకే.

డిఫరెన్షియల్‌తో మొదలుపెడదాం. లోపల మూడు కొమ్మల ఇరుసు మీద మూడు చిన్న బెవెల్ గేర్లు (ఏటవాలు పళ్ళవి), రెండు పక్కలా రెండు పెద్ద బెవెల్ గేర్లు ఉంటాయి. ప్లాస్టిక్ గేర్లను ఫ్రేమ్ నుంచి కత్తిరించిన చోట గోరు పెట్టి రాసి చూడండి. బొడిపె తగిలితే పదునైన బ్లేడుతో చదును చేయాలి, పంటి మీద మాత్రం గీత పడకూడదు. ఆ చిన్న బొడిపె చాలు, గేరు ప్రతి చుట్టులో ఒకేచోట ఆగి ఆగి తిరగడానికి. పళ్ళకు గ్రీజు పలచగా పట్టించి మూత బిగించండి. స్క్రూలు ఒకటి పూర్తిగా బిగించి ఇంకోదానికి వెళ్ళకుండా, అన్నిటినీ కొద్దికొద్దిగా మార్చి మార్చి బిగించాలి. ఇప్పుడు డిఫరెన్షియల్ బయట ఉండే పెద్ద రింగ్ గేరును పట్టుకుని ఒక పక్క కప్పును (చక్రం వైపు ఇరుసు దూరే భాగం) తిప్పితే రెండో కప్పు ఎదురు దిశలో అంతే నున్నగా తిరగాలి. ఈ డిఫరెన్షియల్‌కు సీలు లేదు, అందుకని సిలికాన్ ఆయిల్ పోస్తే కారిపోతుంది. బిగుతు కావాలనుకుంటే చిక్కటి గ్రీజే సరి.

ఇక ఎక్కువమంది పొరపాటు పడే చోటు. డిఫరెన్షియల్‌ను కుడి ఎడమలు తారుమారు చేసి కూర్చోబెట్టేస్తారు. అలా పెట్టినా కేసు మూసుకుంటుంది, స్క్రూలు పడతాయి, బయటికి ఏ తేడా కనిపించదు. థ్రాటిల్ (వేగం పెంచే మీట) నొక్కితే మాత్రం ముందు చక్రాలు ఒకవైపు, వెనక చక్రాలు ఇంకోవైపు లాగుతాయి. కారు కదలక మూలుగుతుంది, మోటారు వేడెక్కుతుంది.

ఎందుకిలా అవుతుందో తెలిస్తే మళ్ళీ పొరపాటు జరగదు. షాఫ్ట్ ఒకే దిశలో తిరుగుతోంది. షాఫ్ట్ రెండు చివర్లా రింగ్ గేర్లను తిప్పే చిన్న పిన్యన్లు ఉంటాయి. ముందు ఇరుసుకు పిన్యన్ వెనకవైపు నుంచి వచ్చి తగులుతుంది, వెనక ఇరుసుకు ముందువైపు నుంచి వచ్చి తగులుతుంది. షాఫ్ట్ ఎడమ పక్క పైకి కదులుతోందనుకోండి. ముందు రింగ్ గేరు ఎడమ పక్కనుంటే దాని వెనక అంచు పైకి లేస్తుంది, చక్రం ముందుకు దొర్లుతుంది. వెనక రింగ్ గేరును కూడా ఎడమనే పెడితే దాని ముందు అంచు పైకి లేస్తుంది, చక్రం వెనక్కి దొర్లుతుంది. కాబట్టి ఒకటి ఎడమనుంటే రెండోది కుడినే ఉండాలి. రెండు రింగ్ గేర్లూ ఒకే పక్కన కనిపిస్తే ఎక్కడో తప్పు జరిగినట్టే. పరీక్ష చాలా తేలిక: మోటారు లేకుండా కారును పైకెత్తి వెనక చక్రాలు రెండూ ముందుకు తిప్పండి, ముందు చక్రాలు కూడా ముందుకే తిరగాలి.

నాలుగు చక్రాలూ కలిసే తిరుగుతూ కారు మొత్తం వెనక్కి పోతుంటే ముందు ట్రాన్స్‌మిటర్‌లో థ్రాటిల్ రివర్స్ మీట చూడండి. అది సరిగ్గానే ఉంటే రెండు డిఫరెన్షియల్సూ తారుమారయ్యాయని అర్థం. మోటారు వైర్లు మార్చి సరిపెట్టేయడం నాకు నచ్చదు. కొన్ని బ్రష్ మోటార్ల టైమింగ్ ఒక దిశకే అనుకూలంగా ఉంటుంది. గేర్‌బాక్స్ విప్పి సరిచేయడమే మేలు.

కేసు మూశాక పట్టేస్తుంటే దానికీ ఓ దారి ఉంది. కేసు స్క్రూలు అన్నీ అర చుట్టు వదులు చేయండి. ఇప్పుడు నున్నగా తిరిగితే లోపల ఏదో నలుగుతోంది: బేరింగ్ తన గాడిలో పూర్తిగా కూర్చోలేదు, లేదా వాషర్ ఎక్కువైంది, లేదా రెండు భాగాల మధ్య ప్లాస్టిక్ పొర ఇరుక్కుంది. వదులు చేసినా మార్పు లేకపోతే తప్పు గేరులోనో షాఫ్టులోనో ఉంది. అప్పుడు ఒక్కొక్కటే తీసి తిప్పి చూడాలి.

స్క్రూ పొడవు మీద కూడా ఓ కన్నేయండి. 8 మిల్లీమీటర్లది వెయ్యాల్సిన చోట 12 వేస్తే దాని కొన లోపలికి పొడుచుకొచ్చి గేరుకు రాసుకుంటుంది. మాన్యువల్లో స్క్రూ బొమ్మలు అసలు సైజులోనే గీసి ఉంటాయి, ప్రతి స్క్రూనూ బొమ్మ మీద పెట్టి కొలవండి. జపాన్ కిట్లకు జేఐఎస్ (జపాన్ ప్రమాణం) స్క్రూడ్రైవరే వాడాలి. మామూలు ఫిలిప్స్ ముక్కు సరిగ్గా కూర్చోక తల అరిగిపోతుంది. విప్పిన స్క్రూను మళ్ళీ పెట్టేటప్పుడు ముందు వెనక్కి తిప్పండి, పాత మరలోకి 'టక్'మని దిగాకే బిగించండి. లేకపోతే ప్లాస్టిక్‌లో కొత్త మర కోసుకుపోయి పట్టు పోతుంది. కరెంటు డ్రైవర్ ఇక్కడ వద్దు. వేగానికి ప్లాస్టిక్ మెత్తబడిపోతుంది.

రింగ్ గేరుకూ షాఫ్ట్ పిన్యన్‌కూ మధ్య కాస్త ఆట ఉండాలి. షాఫ్ట్‌ను కదలకుండా పట్టుకుని డిఫరెన్షియల్‌ను అటూ ఇటూ ఆడించండి. వెంట్రుకవాసి కదిలితే చాలు. మరీ ఎక్కువ కదిలితే రింగ్ గేరు వీపుకూ దాని బేరింగుకూ మధ్య 0.1 మిల్లీమీటరు షిమ్ (పలుచని వాషర్) ఒక్కటి వెయ్యండి, మళ్ళీ తిప్పి చూడండి. ఒకేసారి రెండు వేయొద్దు.

చివరికి మోటారు. మోటారు పిన్యన్‌లో ఉండే చిన్న గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) మోటారు షాఫ్ట్ మీద చదునుగా ఉన్న చోటే పడాలి. గుండ్రటి భాగం మీద బిగిస్తే కొద్దిసేపు నడిచి జారిపోతుంది: మోటారు గిర్రున తిరుగుతుంది, కారు కదలదు. 3 మిల్లీమీటర్ల గ్రబ్ స్క్రూకు 1.5 అలెన్ కీ సరిపోతుంది, మూల అరిగిన కీ మాత్రం వాడొద్దు. థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పట్టి ఉంచే జిగురు) ఇక్కడ ఒక్క చుక్క చాలు, లోహం మీద లోహం కాబట్టి. ప్లాస్టిక్‌కు తగిలితే పగుళ్ళు వస్తాయి. మౌంట్‌లో పిన్యన్ పళ్ళను బట్టి రంధ్రాలు వేరువేరుగా ఉంటే మాన్యువల్ చెప్పినవే వాడండి. మోటారును జరపగలిగే మౌంట్ అయితే పిన్యన్‌కూ స్పర్‌కూ మధ్య నోటుబుక్ కాగితం సన్నని చీలిక పెట్టి, మోటారును నొక్కిపట్టి స్క్రూలు బిగించి, గేరు తిప్పి కాగితం బయటికి తీయండి. మడతలు స్పష్టంగా పడి, కాగితం చిరక్కుండా ఉంటే దూరం కుదిరింది. చిరిగితే దగ్గరైంది. ఆ బిగుతుతో నడిపితే కీచుమనే సన్నని శబ్దం వస్తుంది, మోటారు కాలుతుంది. దూరమైతే గరగరమంటుంది, స్పర్ పళ్ళు చివర్లలో అరిగి గుండ్రబడతాయి.

మొదటి పరుగు 5 నిమిషాలు, సగం థ్రాటిల్‌తోనే. ఆపాక మోటారు మీద వేలు ఆనించండి. రెండు మూడు సెకన్లు కూడా ఉంచలేకపోతే మోటారు విప్పి, గేర్‌బాక్స్‌ను మళ్ళీ చేత్తో తిప్పి చూడాల్సిందే.