నాన్న ల్యాండ్‌లైన్ ఫైబర్ మీదికి మారాక

బెంగళూరు రామ్మూర్తి నగర్‌లో మాది గ్రౌండ్ ఫ్లోర్ ఇల్లు. చుట్టూ నాలుగంతస్తుల ఇళ్లు గోడకు గోడ ఆనించి కట్టేశారు. హాల్లో మొబైల్ సిగ్నల్ ఒక్క గీత చూపిస్తుంది, వంటింట్లో అదీ ఉండదు. నాన్నకు చెవులు కొంచెం మందం. మొబైల్‌లో మాట సగమే వినిపిస్తుందంటారు. ల్యాండ్‌లైన్ రిసీవర్ చెవికి నిండుగా ఆనుతుంది, దాంట్లో అయితే మదనపల్లె నుంచి అత్త చేసినా, మా మేనమామ చేసినా హాయిగా మాట్లాడతారు. అందుకే "ఈ రోజుల్లో ల్యాండ్‌లైన్ ఎందుకే?" అని ఎవరైనా అడిగితే నాకు కోపం వస్తుంది. ఉన్నవాళ్లకు దాని అవసరం ఉంది కాబట్టే ఉంచుకుంటారు.

2019లో మా రాగి తీగ లైన్ తీసేసి ఫైబర్‌కు మార్చారు. అప్పటి నుంచి ఇంట్లో మోగేది పేరుకు ల్యాండ్‌లైనే గానీ, నిజానికి ఇంటర్నెట్ ఫోన్. నంబరు అదే, సెట్టు అదే. మారిందల్లా ఆ ఫోన్‌ను బతికించే బాధ్యత. ముందు అదంతా టెలిఫోన్ ఎక్స్చేంజీ వాళ్లు చూసుకునేవారు. ఇప్పుడు చాలావరకు మన ఇంట్లోనే, మన చేతుల్లోనే ఉంది. లైను మార్చేటప్పుడు ఈ సంగతి ఎవరూ చెప్పరు. పెద్దవాళ్లున్న ఇళ్లకు పనికొస్తుందని నాకు తెలిసినదంతా ఇక్కడ రాస్తున్నాను.

పాత లైను చివరి రోజుల్లో పెట్టిన ఇబ్బంది అంతా ఇంతా కాదు. వాన పడితే చాలు, జాయింట్లలోకి నీళ్లు చేరి గుర్రుమనే చప్పుడు. రోడ్డు తవ్వితే కేబుల్ తెగేది. లైన్‌మన్ వచ్చి చూసి, "ఇంక రాగి తీగకు రిపేర్లు ఉండవు మేడమ్, ఫైబర్‌కు పోండి" అన్నాడు. ఆయనది చింతామణి వైపు, తెలుగు బాగా మాట్లాడతాడు. నాన్నకు అదో పెద్ద ధైర్యం. నేను అడిగింది ఒక్కటే, నంబరు మారకూడదని. బ్యాంకులో, గ్యాస్ ఏజెన్సీలో, పెన్షన్ కాగితాల్లో అన్నిచోట్లా ఆ నంబరే ఉంది. అమ్మకు కంఠతా వచ్చిన ఒకే ఒక్క నంబరు అది. అదే కంపెనీలో ఉంటే నంబరు మారదన్నారు. వేరే కంపెనీకి పోతే మాత్రం వదులుకోవాల్సిందే. మన దేశంలో నంబరు మార్చుకోకుండా కంపెనీ మారే సౌకర్యం 2011 నుంచి దేశమంతటా మొబైల్‌కు ఉంది, ల్యాండ్‌లైన్‌కు లేదు. ఫైబర్ ప్లాన్లు పోల్చిచూసే ముందు ఈ ఒక్క విషయం తేల్చుకోవాలి. మా పక్కవీధి ఆంటీ వాళ్లు నెలకు కాస్త తక్కువ పడుతుందని వేరే కంపెనీకి వెళ్లి, ఎన్నో ఏళ్ల నంబరు పోగొట్టుకున్నారు.

కనెక్షన్ ఇచ్చిన రోజున స్తంభం నుంచి సన్నటి నల్ల తీగ లాగి, కిటికీ పక్క నుంచి లోపలికి తెచ్చి, చిన్న మెషీన్‌లో గాజుపోగు కొనలు రెండూ అతికించి పెట్టెకు తగిలించారు. గాజుపోగులో వచ్చే వెలుతురును ఇంటర్నెట్‌గా, ఫోన్‌గా మార్చే ఆ పెట్టెను ఓఎన్‌టీ అంటారు. సాయంత్రానికల్లా ఇంటర్నెట్ వచ్చేసింది. ఫోన్‌లో మాత్రం టోన్ లేదు. పెట్టె మీద ఫోన్ గుర్తున్న లైటు వెలగనే లేదు. రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది అని కస్టమర్ కేర్ వాళ్లు చెబుతూనే ఉన్నారు. చివరికి నేనే ఆఫీసుకు వెళ్లి కౌంటర్లో కూర్చున్నావిడను పట్టుకున్నాను. ఆవిడ కంప్యూటర్‌లో చూసి అసలు సంగతి చెప్పింది. డేటాకు ఒక ఆర్డరు, వాయిస్‌కు ఇంకో ఆర్డరు ఉంటాయట. పాత ఎక్స్చేంజీలో మన నంబరు తీసేస్తే తప్ప కొత్త సర్వర్‌లో ఎక్కదట. మాది ఆ మధ్యలో ఆగిపోయింది. ఆవిడ అక్కడి నుంచే ఎక్స్చేంజీకి ఫోన్ చేసి మాట్లాడింది, మర్నాడు ఫోన్ మోగింది. మీకూ ఇంటర్నెట్ వచ్చి ఫోన్ రాకపోతే, "వాయిస్ ఆర్డర్ ఏ దశలో ఉంది?" అని ఆ మాటతోనే అడగండి. "ఫోన్ పనిచేయట్లేదు" అంటే రౌటర్ ఆపి మళ్లీ ఆన్ చేయమనే చెబుతారు.

టోన్ వచ్చింది గానీ నాన్న నంబరు తిప్పితే కాల్ వెళ్లలేదు. ఇన్‌కమింగ్ మాత్రం బాగానే వస్తోంది. సెట్టు తిరగేసి చూస్తే అడుగున చిన్న స్విచ్, టి అనీ పి అనీ రెండు అక్షరాలు. ఎప్పటి నుంచో పి మీదే ఉంది. పి అంటే పల్స్, పాత చక్రం ఫోన్ల పద్ధతి. ఈ పెట్టెల్లో చాలావాటికి ఆ పద్ధతి అర్థం కాదు. గోటితో స్విచ్‌ను టి వైపు జరిపితే కాల్ కలిసింది. ఆ తర్వాత ఇంకో చిక్కు. గ్యాస్ బుకింగ్‌కు చేస్తే "ఒకటి నొక్కండి" అంటుంది, అమ్మ ఒకటి నొక్కినా అవతల ఉలుకూ పలుకూ లేదు. దానికి కారణం పెట్టె సెట్టింగ్‌లో ఉంది. నొక్కిన అంకెల చప్పుడును మాటతో కలిపి పంపితే దారిలో పాడవ్వొచ్చు. ఆర్‌ఎఫ్‌సీ 2833 అనే పద్ధతిలో విడిగా పంపితే సరిగ్గా చేరుతుంది. ఇది మనం మార్చగలిగేది కాదు, కంపెనీ వాళ్లే మార్చాలి. లైన్‌మన్ తనకు తెలిసిన ఇంజనీరుకు ఫోన్ చేసి అక్కడికక్కడే చేయించాడు. ఆ సాయం మరవలేను.

ఇంటర్నెట్ ఫోన్ కాబట్టి పిల్లలు సినిమాలు చూస్తుంటే మాట తెగుతుందేమోనని మొదట్లో టెన్షన్ పడ్డాను. అలాంటిదేమీ జరగలేదు. మాటను అంకెలుగా మార్చే జి.711 అనే పద్ధతిలో మాటకు సెకనుకు 64 కిలోబిట్లు చాలు, పైన చుట్టే అడ్రస్ లాంటి సమాచారం కలుపుకున్నా వంద కిలోబిట్ల లోపే. పైగా మా పెట్టెలో వాయిస్‌కు వేరే దారి, ఇంటర్నెట్‌కు వేరే దారి పెట్టారు.

అసలు సమస్య కరెంటు. రాగి తీగ రోజుల్లో ఊరంతా చీకటైనా ఫోన్ మోగేది. ఎక్స్చేంజీలో ఉన్న పెద్ద బ్యాటరీల నుంచి 48 వోల్టుల కరెంటు ఆ తీగలోనే ఇంటిదాకా వచ్చేది. ఫైబర్ అంటే గాజుపోగు, అందులో వెలుతురు తప్ప కరెంటు రాదు. ప్లగ్గులో కరెంటు లేకపోతే ఓఎన్‌టీ ఆగుతుంది, దాంతోపాటే ఫోనూ ఆగుతుంది. ఒక రాత్రి గాలివానకు కరెంటు పోయింది, అమ్మకు ఆయాసం ఎక్కువైంది. నాన్న రిసీవర్ ఎత్తితే శబ్దమే లేదు. నేను మొబైల్ పట్టుకుని గేటు దాకా పరిగెత్తి 108కి చేశాను. అమ్మ బాగానే ఉంది, ఆ రాత్రే ఇంటికి వచ్చేశాం. కానీ చీకట్లో రిసీవర్ పట్టుకుని "హలో, హలో" అంటున్న నాన్న గొంతు నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు.

మా ఇంట్లో ఇన్వర్టర్ ఉంది గానీ ఓఎన్‌టీ పెట్టిన చోట సాకెట్‌కు ఆ లైను లేదు. ఎలక్ట్రీషియన్‌తో వైరు లాగించాను. అయినా కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే ఆ క్షణంలో ఓఎన్‌టీ రీస్టార్ట్ అయ్యేది. అది మళ్లీ తేరుకునే దాకా ఫోన్ ఉండదు, నడుస్తున్న కాల్ తెగిపోతుంది. దీనికి సరైన మందు చిన్న డీసీ యూపీఎస్, అంటే కరెంటు పోయినా క్షణం ఆగకుండా ఓఎన్‌టీని నడిపే బ్యాటరీ పెట్టె. బెంగళూరు ఎలక్ట్రానిక్స్ బజారు ఎస్పీ రోడ్డులోనూ దొరుకుతుంది, ఆన్‌లైన్‌లోనూ దొరుకుతుంది. అరచేతిలో పట్టేంత ఉంటుంది, లోపల లిథియం సెల్స్. కొనేముందు మీ ఓఎన్‌టీ అడాప్టర్ మీద రాసింది చదవండి. మాది 12 వోల్టులు, 1.5 ఆంపియర్లు. వోల్టులు సరిగ్గా అంతే ఉండాలి, ఆంపియర్లు అంతకు తగ్గకూడదు, పిన్ను సరిపోవాలి. ఆ సెల్స్ కూడా కాలం గడిచేకొద్దీ బలహీనపడతాయి. కొత్తలో మాకు గంటలకొద్దీ వచ్చింది, రెండేళ్లు దాటాక బాగా తగ్గిపోయింది. అందుకే కొన్ని నెలలకోసారి కావాలనే ప్లగ్ తీసేసి, ఎంతసేపు నిలుస్తుందో గడియారం పెట్టి చూస్తాను.

ఇంకో సంగతి. మా పై వాటాలో వాళ్లూ యూపీఎస్ కొన్నారు, అయినా కరెంటు పోతే వాళ్లకు నెట్ పోయేది. వాళ్లది ఇంటిదాకా ఫైబర్ కాదు, వీధిలో స్విచ్ పెట్టె దాకా ఫైబర్, అక్కడి నుంచి లాన్ కేబుల్. ఆ స్విచ్‌కూ కరెంటు కావాలి, వీధిలో కరెంటు పోతే అదీ ఆగుతుంది. మాది జీపాన్ అనే రకం. దారి మధ్యలో వెలుతురును చీల్చి ఇళ్లకు పంచే స్ప్లిటర్లకు కరెంటు అక్కర్లేదు. అటు ఎక్స్చేంజీలో, ఇటు మన ఇంట్లో ఉంటే చాలు. ఫోన్ కోసం కనెక్షన్ తీసుకునేవాళ్లు స్పీడు గురించి అడిగే ముందు ఇంటి లోపలిదాకా ఫైబరేనా కాదా అని అడగాలి.

2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్ నుంచి ఏ మొబైల్‌కు చేసినా ముందు సున్నా కొట్టాలన్న నిబంధన వచ్చింది. అంతకుముందు కర్ణాటక మొబైళ్లకు అక్కర్లేదు, ఆంధ్రాలోని మన ఊరివాళ్ల నంబర్లకు మాత్రం కొట్టేవాళ్లం. ఒక ఆదివారం నాన్న పక్కన కూర్చుని సెట్టులోని స్పీడ్ డయల్ నంబర్లన్నీ సున్నాతో మళ్లీ ఎక్కించాను. అదే రోజు ఫోన్ పైన గోడకు ఒక అట్ట అంటించాను. దాని మీద 112, 108, మా ఇంటి అడ్రస్, క్రాస్ నంబరు, దగ్గర్లోని గుడి పేరు. కింద తెలుగు అక్షరాల్లోనే ఒక కన్నడ వాక్యం, "మనెయల్లి వయస్సాదవరు ఇద్దారె, బేగ బన్ని" (ఇంట్లో పెద్దవాళ్లున్నారు, త్వరగా రండి) అని. అమ్మకు కన్నడ కూరగాయల బండి దగ్గర వచ్చినంత వస్తుంది. కంగారులో అదీ నోటికి రాదు, చదివి చెప్పేలా ఉండాలి.

ఈ మధ్య ఇంకో బెడద మొదలైంది. "ట్రాయ్ నుంచి మాట్లాడుతున్నాం, రెండు గంటల్లో మీ నంబరు కట్ అవుతుంది, తొమ్మిది నొక్కండి" అని రికార్డు చేసిన గొంతు. పగలంతా ఇంట్లో ఉండేది పెద్దవాళ్లే, ఆ ఫోన్ ఎత్తేదీ వాళ్లే. ట్రాయ్ అంటే టెలికాం కంపెనీలకు నిబంధనలు పెట్టే ప్రభుత్వ సంస్థ. అది ఎవరి ఫోనూ కట్ చేయదు, అలాంటి కాల్స్ చేయదు. ఆ మాట ట్రాయే చెప్పింది. అలాంటివి వస్తే టెలికాం శాఖ వారి సంచార్ సాథీ సైట్‌లో చక్షు అనే చోట తెలియజేయవచ్చు. డబ్బు పోతే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చేయాలి. నాన్నకు నేను చెప్పింది ఇంతే: "నాన్నా, రికార్డు గొంతు భయపెడితే మాట్లాడకుండా పెట్టేయండి. తర్వాత నాకు చెప్పండి." ఇప్పుడు అమ్మ కూడా అలాగే చేస్తోంది.

పోయిన వానాకాలంలో పెట్టె మీద ఎర్ర లైటు మొదలైంది. కాసేపు వెలిగి ఆరిపోయేది, ఫోన్ వచ్చేది పోయేది. కంప్లయింట్ ఇస్తే మర్నాటికల్లా "మీ సమస్య పరిష్కరించాం" అని మెసేజ్ వస్తోంది, మనిషి మాత్రం రావట్లేదు. మళ్లీ కంప్లయింట్, మళ్లీ అదే మెసేజ్. కంప్లయింట్ ఇచ్చినప్పుడల్లా వచ్చే డాకెట్ నంబర్లన్నీ తేదీలతో సహా ఒక కాగితం మీద రాసిపెట్టుకున్నాను. ట్రాయ్ 2012 నిబంధనల ప్రకారం ప్రతి కంపెనీకీ ఒక అప్పిలేట్ అథారిటీ ఉండాలి. కంప్లయింట్‌కు న్యాయం జరగకపోతే అక్కడ అప్పీలు చేసుకోవచ్చు, ఫీజు లేదు. కంపెనీ సైట్‌లో వెతికితే ఈమెయిల్ అడ్రస్ దొరికింది. డాకెట్ నంబర్లు, ఎర్ర లైటు ఫొటోలు, ఇంట్లో ఇద్దరు పెద్దవాళ్లున్నారన్న మాట, ఫోన్ లేని రోజులకు అద్దె తగ్గించాలన్న కోరిక, అన్నీ అందులో రాసి పంపాను.

రెండు రోజులకు మన చింతామణి లైన్‌మనే వచ్చాడు. తీగలో వెలుతురు ఎంత బలంగా వస్తోందో చూసే మీటర్ తగిలిస్తే మైనస్ 29 చూపించింది. మైనస్ పక్కన అంకె పెరిగేకొద్దీ వెలుతురు తగ్గినట్టు. "మైనస్ 27 దాటితే కష్టం మేడమ్, ఎక్కడో ఒంగింది" అంటూ తీగ పట్టుకుని కిటికీ దాకా వెళ్లాడు. అక్కడ కిటికీ రెక్క మూసినప్పుడల్లా తీగ దాని కింద నలిగి మడత పడుతోంది. గాజుపోగు అలా మడత పడితే వెలుతురు బయటికి పోతుందట. గోడకు చిన్న రంధ్రం వేసి కొత్త తీగ వంపు లేకుండా తెచ్చాడు. ఈసారి మీటర్‌లో మైనస్ 20. నాన్న తన డైరీలో ఆ అంకె, తేదీ రాసుకున్నారు. తర్వాతి నెల బిల్లులో అద్దె కూడా తగ్గించారు. మీ ఇంటికి ఎప్పుడు లైన్‌మన్ వచ్చినా వెళ్లే ముందు ఆ అంకె అడిగి రాసిపెట్టుకోండి, తర్వాత ఫాల్ట్ వస్తే ఎంత పడిపోయిందో తెలుస్తుంది.