కీహోలే కదా!

నొప్పి మొదలైంది గజ్జల్లో. క్లాసులో నిలబడి పాఠం చెబుతున్నంతసేపూ ఏమీ ఉండేది కాదు. స్కూటర్ దిగబోతే, కారు సీట్లోంచి లేవబోతే, చిన్న పీట మీద కూర్చుని కూరలు తరగబోతే చురుక్కుమనేది. ఒకచోట నడుము డిస్క్ అన్నారు, బెల్టు ఇచ్చారు. ఇంకోచోట గైనిక్ టెస్టులన్నీ రాశారు. అన్నీ నార్మల్. నార్మల్ అని రాసిన కాగితాలు పెరిగేకొద్దీ నాకు టెన్షన్ కూడా పెరిగింది.

చివరికి వెళ్లిన ఎముకల డాక్టర్ గారు, నొప్పి ఎక్కడో చూపించమన్నారు. బొటనవేలు వెనక్కి, మిగతా వేళ్లు గజ్జవైపుకి పెట్టి తుంటిని పట్టుకున్నాను. "తుంటి కీలులో తేడా ఉన్నవాళ్లు చాలామంది ఇలాగే పట్టుకుంటారమ్మా" అన్నారాయన. పడుకోబెట్టి, మోకాలు ఛాతీవైపు వంచి లోపలికి తిప్పేసరికి కేకేశాను.

తొడ ఎముక పైనున్న బంతి గుండ్రంగా ఉండాలి. నాకు ఆ బంతి, దాని కిందుండే ఎముక మెడ కలిసేచోట ఎముక కాస్త ఎత్తుగా ఉంది. కాలు బాగా వంచినప్పుడల్లా అది బంతి కూర్చునే గిన్నె అంచుకి కొట్టుకుని, అంచు చుట్టూ ఉండే లేబ్రమ్ అనే మెత్తటి పట్టీ చిరిగింది. దీన్ని ఇంపింజ్‌మెంట్ అంటారట. ఈ రాపిడి వల్ల కూడా తుంటి అరిగిపోతుందని స్విట్జర్లాండ్‌లో బెర్న్‌కి చెందిన డాక్టర్ గాంజ్ బృందం 2003లో వివరంగా రాశాకే డాక్టర్ల దృష్టి దీనిమీద బాగా పడిందట. ముందు ఫిజియోథెరపీ చేయించారు. తగ్గలేదు. కీలులోకి మత్తు ఇంజెక్షన్ ఇస్తే మాత్రం నొప్పి కాసేపు మాయమైంది. అంటే దొంగ నడుములో లేడు, తుంటిలోనే ఉన్నాడని తేలింది. గిన్నెలో మృదులాస్థి ఇంకా బాగానే ఉంది కాబట్టి ఆర్థ్రోస్కోపీ, అంటే చిన్న కన్నాల్లోంచి కెమెరా పెట్టి చేసే కీహోల్ ఆపరేషన్, చేయొచ్చన్నారు. అదే అరిగిపోయి ఉంటే దీనివల్ల పెద్దగా లాభం ఉండదు, కీలు మార్చాల్సిందే.

"కీహోలే కదా, రెండ్రోజుల్లో లేచి తిరిగేస్తావు" అంది సీతమ్మధార పిన్ని. బయట కన్నాలు చిన్నవే. లోపల జరిగింది వేరు. కాలిని ప్రత్యేకమైన బల్లకి కట్టి లాగి, బంతిని గిన్నెలోంచి సుమారు 1 సెంటీమీటరు జరిపి, ఎక్స్‌రేలో చూస్తూ కెమెరా దించారు. లేబ్రమ్‌ని యాంకర్లనే చిన్న మేకుల్లాంటివాటితో అంచుకి కుట్టారు, ఎత్తుగా ఉన్న ఎముకని చెక్కారు.

కుట్ల నొప్పి భరించగలిగాను. కాలు లాగినందువల్ల మర్మాంగం దగ్గర వచ్చిన తిమ్మిరికే హడలిపోయాను. అది కొన్నాళ్లకి పోతుందని ముందే చెప్పారు, పోయింది. తొడ బయటివైపు మాత్రం ఇప్పటికీ కాస్త మొద్దుగానే ఉంది. చెక్కినచోట కొత్త ఎముక మొలవకుండా కూడా మాత్రలు ఇస్తారని అప్పటిదాకా నాకు తెలియదు.

కొన్ని వారాలు చంకకర్రలు, 90 డిగ్రీలు దాటి వంచకూడదు, బాసిపట్టు వద్దు, టాయిలెట్ సీటు మీద ఎత్తు పెట్టుకోవాలి. తర్వాత లోడు లేకుండా సైకిల్ తొక్కడం. విసుగొచ్చేది అక్కడే. రోజూ అదే వ్యాయామం, తేడా ఏమీ కనబడదు. పిన్ని ఫోన్ చేసి "ఇంకా కర్రలేనా?" అంటే ఒళ్లు మండేది.

ఇప్పుడు పొద్దున్నే ఆర్కే బీచ్‌లో నడుస్తున్నాను, మెట్లెక్కుతున్నాను. ఈ ఆషాఢంలో సింహాచలం గిరిప్రదక్షిణ అడిగితే, 32 కిలోమీటర్లు అప్పుడే వద్దన్నారు డాక్టర్ గారు. మా ఆయన నడిచారు. నేను దారిలో అప్పూఘర్ దగ్గర మజ్జిగ పంచేవాళ్లతో చేరి గ్లాసులు అందించాను, కుర్చీ వేయించుకుని మరీ.