మాలలో ఉన్నాను కాబట్టి సరిపోయింది

స్వామియే శరణం అయ్యప్ప.

కార్తీకం వచ్చిందంటే ఈ మాట ఎక్కడో ఒకచోట చెవిన పడుతుంది. బస్సులో సీటు దగ్గర, పెట్రోల్ బంకులో లైను దగ్గర, అపార్ట్‌మెంట్ పార్కింగ్ దగ్గర. నల్లబట్టల్లో ఉన్న స్వామి వేలు చూపించి, "మాలలో ఉన్నాను కాబట్టి సరిపోయింది, లేకపోతేనా..." అంటాడు. ఎదుటివాడు ఆ స్వామి నుదుటి గంధం వంక ఒకసారి, ఆ వేలు వంక ఒకసారి చూస్తాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఒక ఏడాది ఆ వేలు నాదే.

మాల వేసిన రోజు మా గురుస్వామి నాతో ఒక మాటన్నారు: "చన్నీళ్ళకి ఒళ్ళు మూడు రోజుల్లో అలవాటు పడుతుంది స్వామీ. నోటికి మండలం కూడా చాలదు." నాకప్పుడు ఆ మాట తలకెక్కలేదు. తెల్లవారుజామున స్నానం, ఒంటిపూట భిక్ష, చాప మీద పడుకోవడం, చెప్పుల్లేకుండా నడవడం, వీటి మీదే నా ధ్యాసంతా. 41 రోజులూ ఒక్కటీ తప్పలేదని లెక్క పెట్టుకున్నాను. ఎన్నిసార్లు విసుక్కున్నానో, ఎవరి మీద అరిచానో మాత్రం లెక్క పెట్టుకోలేదు.

శబరిమల సన్నిధానంలో పద్దెనిమిది మెట్లెక్కే ప్రతి స్వామికీ ఎదురుగా గుడి మీద "తత్త్వమసి" అన్న అక్షరాలు కనిపిస్తాయి. ఆ తోపులాటలో చదివే తీరిక ఎవరికీ ఉండదు. ఆ మాట ఛాందోగ్యోపనిషత్తు ఆరో అధ్యాయంలోది. ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువుకి తొమ్మిదిసార్లు చెప్తాడు. అందులో నాకు ప్రాణమైన ఘట్టం ఉప్పుది. రాత్రి నీళ్ళలో ఉప్పు వేయించి, పొద్దున్నే "నిన్న వేసిన ఉప్పు తీసుకురా నాయనా" అంటాడు తండ్రి. పిల్లవాడు వెతుకుతాడు. దొరకదు, కరిగిపోయింది. "పైన కాస్త తాగు, ఎలా ఉంది?" "ఉప్పగా." "మధ్యలో?" "ఉప్పగా." "అడుగున?" "ఉప్పగానే."

ఉప్పు కంటికి కనపడలేదు, నాలుకకి తెలిసింది. అక్కడ చెప్పింది ఆత్మ గురించేనని నాకూ తెలుసు. కానీ మాల వేసుకున్న ప్రతిసారీ ఆ గిన్నెలో నాకు దీక్ష కనిపిస్తుంది. మనం లోపల ఎంత శరణుఘోష చెప్పుకున్నా బయటివాళ్ళకి వినపడదు. పీఠం దగ్గర ఎన్ని దీపాలు పెట్టామో వాళ్ళు చూడరు. వాళ్ళకి అందేది మన మాట ఒక్కటే. ఆటోవాడికి చిల్లర ఇచ్చేటప్పుడు ఒక చుక్క, కూరగాయల దగ్గర ఒక చుక్క, కిందిస్థాయి ఉద్యోగితో ఫోనులో మాట్లాడేటప్పుడు ఒక చుక్క. పైన తాగినా, మధ్యలో తాగినా, అడుగున తాగినా ఒకే రుచి రావాలి. పడిపూజలో పరవశించి, ఇంటికొచ్చి భిక్ష ఆలస్యమైందని ముఖం మాడ్చుకుంటే, ఆ ఉప్పు ఇంకా కరగలేదన్నమాట. రాయిలా అడుగునే ఉంది.

ఇక్కడ ఇంటి మాత సంగతి చెప్పకుండా ఉండలేను. మాల మన మెడలో ఉంటుంది, మనకంటే గంట ముందు లేచేది ఆవిడ. తలస్నానం చేసి, ఉల్లీ వెల్లుల్లీ లేకుండా వండి, పిల్లల్ని బడికి పంపి, మళ్ళీ సాయంత్రం పూజకి పూలు కట్టేదీ ఆవిడే. ఆమె నియమం ఎవరికీ కనిపించదు. మండలం రోజులు భార్యని "మాతా" అని పిలిచి, మాల తీసిన సాయంత్రమే "ఏమే" అనడానికి నోరెలా వస్తుందో ఒకసారి ఆలోచించండి.

మా ఆఫీసులో నా పక్క సీటు ఆయన క్రైస్తవుడు. ఈస్టర్‌కి ముందొచ్చే లెంట్ రోజుల్లో ఆయనా కొన్ని మానేస్తాడు, ఉపవాసం ఉంటాడు. ఒకరోజు భోజనాల వేళ నాతో అన్నాడు, "మీ బట్టలు, గడ్డం, ఇవన్నీ నాకు కొత్త కాదండీ. మీరు మూడేళ్ళ పిల్లాణ్ణి కూడా 'స్వామీ', 'మీరు' అంటారు చూశారా, అది చూస్తే మాత్రం నాకు దేవుడు గుర్తొస్తాడు." ఇన్నేళ్ళ దీక్షలో నేను చన్నీళ్ళ గురించి చెప్పుకున్నాను, కాళ్ళ బొబ్బల గురించి చెప్పుకున్నాను. ఆయన ఆ ఒక్క పిలుపునే పట్టుకున్నాడు.

అందుకే స్వాములారా, చేతులు జోడించి అడుగుతున్నాను. నల్లపంచె కట్టుకున్న క్షణం నుంచి మన ప్రతి మాటా అయ్యప్ప ఖాతాలోకే వెళ్తుంది. క్యూలో ముందుకి తోసుకెళ్ళకండి. రైల్లో రాత్రి పదకొండింటికి భజన పెట్టి ముసలివాళ్ళ నిద్ర చెడగొట్టకండి. దీక్ష పేరు చెప్పి మన పని పక్కవాడి నెత్తిన వేయకండి. మాల తీసిన రాత్రే మందు సీసా తెరిచేవాళ్ళుంటే, దయచేసి వచ్చే ఏడు మాల వేయకండి. కోపం వస్తుంది, రాకుండా ఉండదు. అప్పుడు "మాలలో ఉన్నాను కాబట్టి" అని బెదిరించకుండా, నోట్లోనే "శరణం" అనుకుని తలదించుకుని పక్కకి తప్పుకోండి.

ఆ ఏడాది ఒక తెల్లవారుజామున గురుస్వామితో కలిసి గుడికి వెళ్తున్నాను. ఇంకా చీకటిగానే ఉంది. వీధి ఊడ్చే ఆవిడ మమ్మల్ని చూసి, దుమ్ము మా మీద పడకూడదని, చీపురు వెనక్కి పెట్టుకుని గోడకి ఒత్తిగిలి నిలబడింది. నేను పంచె పైకి పట్టుకుని దూరంగా జరిగి నడిచాను. గురుస్వామి ఆగారు. చేతులు జోడించి, "స్వామి శరణం మాతా, మీ పని కానివ్వండి, మేం ఆగుతాం" అన్నారు. ఆవిడ చీపురు కింద పెట్టి, చేతులు కొంగుకి తుడుచుకుని దణ్ణం పెట్టింది. ఆవిడ ఊడ్చేదాకా ఆయన అక్కడే నిలబడ్డారు. ఆయన వెనక నేనూ నిలబడ్డాను.

శబరిమల వెళ్ళొచ్చి మాల తీశాక వారం తిరగలేదు. పొద్దున్నే మా గేటు ముందు చెత్త కనిపించింది. వీధి చివర ఆవిడ ఉంది. "ఏయ్, ఇటు రా" అని కేకేశాను. గబగబా వచ్చింది. చీపురు వెనక్కి పెట్టుకుని, "ఏంటి స్వామీ?" అంది.