భుజం పట్టేసిన 14 నెలలు

మొదట తెలిసింది చీర కట్టుకునేటప్పుడు. నిరుడు సంక్రాంతి సెలవులయ్యి స్కూలు తెరిచిన వారం, వెనక వైపు చీర దోపుకోబోతే ఎడమ చెయ్యి నడుము దాకా పోలేదు, మధ్యలోనే ఆగిపోయింది. పండక్కి పిండివంటలు చేసిన అలసటేమో అనుకుని బామ్ రాసుకుని ఊరుకున్నాను. నెల తిరిగేసరికి జడ వేసుకోవడానికి చెయ్యి తల వెనక్కి లేవడం లేదు, బస్సులో పైన రాడ్ పట్టుకోలేను, రాత్రి నిద్రలో తెలియక ఎడమ పక్కకు తిరిగితే ఒక్క కేకతో లేచి కూర్చునేదాన్ని. నాకు 52 ఏళ్లు, పదేళ్లుగా షుగర్ ఉంది. ఈ రెండూ ముందే చెబుతున్నాను, ఎందుకంటే డాక్టర్ కూడా మొదట అడిగినవి ఇవే.

ఎడమ చెయ్యి కాబట్టి ఇంట్లో అందరికీ గుండె భయం. ఈసీజీ తీయించాం, బాగానే ఉంది. ఆ భయం తప్పని నేను అనను. షుగర్ ఉన్నవాళ్లు ఎడమ చెయ్యి లాగుతుంటే భుజమేలే అని తేలిగ్గా తీసుకోకూడదు, ముందు గుండె చూపించుకోవాల్సిందే.

ఆ తర్వాత నేను చేసిన రెండు పనులు నాకు చాలా చేటు చేశాయి. నొప్పి కదా అని చెయ్యి కదపడం మానేశాను, మెడకు పట్టీ తగిలించుకుని మూడు వారాలు చేతిని పొట్టకు ఆనించి పెట్టుకున్నాను. అప్పటికీ తగ్గకపోతే తెలిసినవాళ్లు చెప్పారని ఒకాయన దగ్గరికి వెళ్లాను. ఆయన నూనె రాసి, "నరం పట్టేసిందమ్మా, వదిలిపోతుంది" అంటూ చెయ్యి పట్టుకుని ఒక్కసారిగా పైకి లాగాడు. ఆ రాత్రి పడ్డంత బాధ కాన్పులప్పుడు కూడా పడలేదు. దయచేసి ఎవరూ భుజం ఇలా లాగించుకోకండి.

చివరికి ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాం. ఎక్స్‌రేలో ఏమీ లేదన్నారు. చెయ్యి వదులుగా ఉంచమని ఆయనే మెల్లగా ఎత్తి చూశారు. నేను ఎత్తలేకపోవడమే కాదు, ఆయన ఎత్తినా ఒక హద్దు దాటి లేవలేదు. మోచెయ్యి ఒంటికి ఆనించి ముంజేతిని బయటికి తిప్పబోతే అసలే రాలేదు. కండరం తెగినవాళ్లకు సాధారణంగా తాము ఎత్తలేకపోయినా ఇంకొకరు ఎత్తితే చెయ్యి లేస్తుందట. ఎవరు ఎత్తినా లేవదు, ఎక్స్‌రే బాగానే ఉంది, కాబట్టి నాది ఫ్రోజెన్ షోల్డర్ అన్నారు. భుజం కీలు చుట్టూ సంచిలా ఉండే పొర వాచి, దళసరెక్కి, కుంచించుకుపోతుందట. 40 నుంచి 60 ఏళ్ల మధ్య ఎక్కువగా వస్తుంది, అందులోనూ ఆడవాళ్లకు, షుగరో థైరాయిడో ఉన్నవాళ్లకు ఇంకా ఎక్కువ. మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ టెస్టు చేయిస్తే 9.1 వచ్చింది, ఎక్కువే. మొదట నొప్పి, తర్వాత బిగుసుకుపోవడం, ఆ తర్వాత మెల్లగా వదలడం, మొత్తం ఏడాది నుంచి మూడేళ్ల దాకా పట్టొచ్చని చెప్పారు. భుజంలో స్టెరాయిడ్ ఇంజక్షన్ ఇచ్చారు. కొన్ని రోజులు షుగర్ పెరుగుతుంది, రోజూ చూసుకోమన్నారు, పెరిగింది కూడా. కానీ మూడు నెలల్లో మొదటిసారి రాత్రంతా నిద్రపోయాను.

అసలు పని ఫిజియోథెరపీలో జరిగింది. ఆ అమ్మాయికి మా కూతురి వయసు ఉంటుంది. మొదటి రోజే నా పట్టీ విప్పి బ్యాగులో పెట్టేసింది. "మేడం, చేసేటప్పుడు లాగినట్టు ఉంటే పర్లేదు. ఆపేశాక అరగంటలో తగ్గిపోవాలి. రాత్రికి కూడా సలుపుతుంటే ఎక్కువ చేసినట్టు, మర్నాడు సగమే చేయండి" అంది. ఈ ఒక్క లెక్క ముందే ఎవరైనా చెప్పి ఉంటే ఆ నాలుగు నెలలు నేను కదపాలా వద్దా అని టెన్షన్ పడేదాన్ని కాదు.

మొదట నేర్పింది ఊపడం. కుడి చెయ్యి బల్ల మీద ఆనించి ముందుకు వంగి, ఎడమ చేతిని కిందికి వేలాడనివ్వాలి, ఒంటిని కొంచెం ఊపితే చెయ్యి గడియారం లోలకంలా దానంతటదే ఊగాలి, మనం తిప్పకూడదు. నాకిది వారం దాకా రాలేదు. అన్నాళ్లు బిగబట్టి కాపాడుకున్న చేతిని వదులుగా వదిలెయ్యడమే చేతకాలేదు. 1934లో ఈ జబ్బుకు ఫ్రోజెన్ షోల్డర్ అన్న పేరు వాడిన కాడ్‌మన్ అనే అమెరికన్ సర్జన్ పేరుతోనే ఈ వ్యాయామాన్నీ పిలుస్తారట.

రెండోది గొడుగుతో. వెల్లకిలా పడుకుని, మోచేతి కింద మడిచిన టవల్ పెట్టుకుని, గొడుగును రెండు చేతులతో పట్టుకుని కుడి చేత్తో ఎడమ చేతిని బయటికి నెట్టాలి. మూడోది గోడ మీద వేళ్లతో పైకి పాకడం. వంటింటి తలుపు పక్కన గోడ మీద ఎంత దాకా అందితే అక్కడ పెన్సిల్‌తో గీత గీసి తేదీ రాసేదాన్ని. గీతలు పెరుగుతున్నాయని నేను సంబరపడుతుంటే ఆ అమ్మాయి అద్దం ముందు నిలబెట్టి చూపించింది, చెయ్యి లేవడం లేదు, భుజమే చెవి దాకా లేస్తోంది. గీతలన్నీ చెరిపేసి, భుజం కిందికి ఉంచి మళ్లీ మొదలుపెట్టాను. జానెడు కిందికి పోయింది మొదటి గీత. ఏడుపొచ్చింది, కానీ ఆ తర్వాతి గీతలన్నీ నిజమైనవి.

రోజుకు మూడుసార్లు, పది నిమిషాల చొప్పున. పొద్దున వేడినీళ్ల స్నానం అయిన వెంటనే చేస్తే చెయ్యి బాగా వదులయ్యేది. వేడినీళ్ల బ్యాగ్ పెట్టుకునేవాళ్లు గుడ్డ చుట్టి పెట్టుకోండి, షుగర్ వల్ల స్పర్శ తగ్గితే చర్మం కాలినా తెలియదు.

మా స్కూల్లో ఒక టీచర్‌కు ఈ మధ్య మణికట్టు విరిగి సిమెంటు కట్టు వేశారు. భుజం కూడా కదపకుండా కూర్చుంటే చూడలేక, భుజం వరకు కదపొచ్చేమో డాక్టర్‌ని అడగమని వెంటపడి మరీ పంపించాను. కదపమనే చెప్పారట.

చెయ్యి వెనక్కి పోవడం అన్నిటికంటే చివర వచ్చింది, మొన్న మార్చిలో. చీర దోపుకున్నాను, ఎడమ చేత్తోనే. ఇంకా కుడి చేతి కంటే రెండంగుళాలు తక్కువే అందుతుంది. రెండో భుజానికి కూడా రావచ్చని డాక్టర్ చెప్పారు కాబట్టి రోజూ స్నానమయ్యాక అద్దం ముందు మోచేతులు ఒంటికి ఆనించి రెండు చేతులూ బయటికి తిప్పి చూసుకుంటాను. పోయిన వారం కుడిది కాస్త తక్కువ తిరిగినట్టు అనిపించింది. ఆ సాయంత్రమే వెళ్లి చూపించుకున్నాను. ఏమీ లేదన్నారు. షుగర్ టెస్టు మాత్రం మళ్లీ రాశారు, ఈసారి 7.2 వచ్చింది.