"నా తరఫున ఎవరు సార్?"
కంపెనీ అంతర్గత విచారణకు బయటి న్యాయవాదిగా వెళ్లినప్పుడు, ప్రశ్నలు మొదలుపెట్టే ముందే ఉద్యోగికి ఒక మాట చెప్పాలి: నేను కంపెనీ న్యాయవాదిని, మీ న్యాయవాదిని కాను, ఈ సంభాషణ గోప్యత కంపెనీ హక్కు, దాన్ని వదులుకునే అధికారమూ కంపెనీదే. అమెరికాలో 1981 నాటి అప్‌జాన్ తీర్పుతో స్థిరపడిన ఈ హెచ్చరికను చాలామంది లాంఛనంగా చదివేస్తారు. మొన్న హైదరాబాదులో ఒక అకౌంట్స్ ఉద్యోగి అది విని, మంచినీళ్ల గ్లాసు పక్కకు జరిపి, "అయితే నా తరఫున ఎవరు సార్?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్నే. ఆయన సొంత న్యాయవాదితో మాట్లాడుకునేందుకు వాయిదా వేశాం. యాజమాన్యానికి అది రుచించలేదు. న్యాయవాదికి, క్లయింటుకు మధ్య సంభాషణల గోప్యతకు భారతీయ సాక్ష్య అధినియమం 132వ సెక్షన్ ఇచ్చే రక్షణ కంపెనీలో జీతానికి పనిచేసే న్యాయ సలహాదారులకు వర్తించదని సుప్రీంకోర్టు 2025లో స్పష్టం చేసింది కాబట్టి, విచారణ నోట్సును కంపెనీ లీగల్ విభాగానికి వదలకుండా మేమే రాసుకున్నాం.